మార్చని పలుపు

బీమా కంపెనీల మీద నాకున్న కోపం పుట్టుకతో వచ్చింది కాదు. మదనపల్లె కోర్టులో నల్లకోటు తొడుక్కున్నాక వచ్చింది. ప్రీమియం కట్టించుకునే రోజు ఏజెంటు మన ఇంటికి వచ్చి, మన కాఫీ తాగి, మన పిల్లలు ఏం చదువుతున్నారో అడిగి మరీ సంతకం పెట్టించుకుంటాడు. అదే బండి బోల్తా పడి మనిషి పోయాక, ఆ పోయినవాడు అసలు ఆ బండిలో ఎందుకున్నాడు, ఎవరెక్కమన్నారు, ఎక్కాడనడానికి రుజువేది అని అదే కంపెనీ లాయరు మమ్మల్ని నిలదీస్తాడు. చచ్చినవాడిదే తప్పన్నట్టు మాట్లాడటం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. డెబ్బైలలో నేను ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు గట్టు తగాదాలు, భాగాల కేసులే చేసేవాణ్ణి. తర్వాత లారీలు పెరిగాయి, రోడ్లు మాత్రం పెరగలేదు. దాంతో నా బెంచీ మీద కూర్చునే జనమూ మారారు.

డాక్టర్ల కేసులూ ఒకటి రెండు పట్టాను. సిమెంటు కట్టు బిగించేసి, కాలు నల్లబడేదాకా చూడకుండా వదిలేసిన కేసొకటి ఉంది. ఆ డాక్టరు తప్పు చేశాడని చెప్పడానికి ఇంకో డాక్టరు బోనెక్కాలి. ఆ ఇంకో డాక్టరు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఎవరి దగ్గరికి పోయినా టీ ఇప్పించి, ‘అవన్నీ జరుగుతుంటాయి లెండి’ అని పంపించేసేవాళ్ళు. ఆ కేసు ఓడిపోయి ఇంటికి వచ్చి, అన్నం కంచం ముందు కూర్చుని కూడా తిడుతూనే ఉన్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఓడిపోతే కోపం వస్తుంది, అది మామూలే. భయం వేసిన కేసు మాత్రం ఒకటే. అది ఎద్దుల కేసు.

ఎమర్జెన్సీ పోయిన తర్వాతి మాట. కుప్పం దగ్గర పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉండవు. వెంట మొగుడి అన్న వచ్చాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది, ఆయన కుర్చీలో కూర్చున్నాడు. జరిగింది ఆయనే చెప్పాడు. తమ్ముడు జత ఎద్దుల్ని పుంగనూరు సంతకు తోలుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు పశువుల లారీ ఎక్కాడు. బైరెడ్డిపల్లె దాటక ముందే తెల్లవారుజామున లారీ పల్లంలోకి పల్టీ కొట్టింది. డ్రైవరు పారిపోయాడు. తమ్ముడు అక్కడే చచ్చిపోయాడు.

"ఎద్దుల్ని అమ్మాడా?" అని అడిగాను.

"అమ్మినాడు సార్," అన్నాడు ఆయన. "దుడ్డు ఏమైందో ఈమెనే అడగండి."

ఆమె తలెత్తలేదు. "నాకు తెల్దప్పా," అంది నాతో. మొగుడి అన్నతో ఎదురుగా మాట్లాడే అలవాటు వాళ్ళలో లేదు. "పోలీసోళ్ళు టవలు ఇచ్చినారు, పలుపు ఇచ్చినారు. దుడ్డు ఇయ్యలేదు."

పలుపు అనగానే నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

నాది పెద్దమండ్యం వైపు సేద్యం చేసే ఇల్లు. పశువును అమ్మినప్పుడు మా వైపు మెడలోని పలుపు తాడు ఇవ్వరు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుని కట్టుకోవాలి. అమ్మినవాడు పాత పలుపును ఇంటికి తెచ్చి కొట్టంలో గుంజకు కడతాడు. ఎద్దు పోయినా ఇంటి లక్ష్మి పోకూడదని నమ్మకం. కాబట్టి సంత నుంచి వచ్చే మనిషి దగ్గర ఎద్దు లేకుండా పలుపు ఉందంటే, ఎద్దు అమ్ముడుపోయిందనే అర్థం. దానికి వేరే రసీదు అక్కర్లేదు.

ఆమె దాన్ని అలాగే కొట్టంలో కట్టింది కూడా. ఊరంతా చూసింది. పలుపు ఇంటికి వచ్చింది, దుడ్డు రాలేదు. చచ్చినవాడి జేబు తడిమింది పెళ్ళామే కదా అని ఇంట్లో వాళ్ళు అనుకున్నారు. ఎద్దులు ఉమ్మడివి. ఆ దుడ్డు తెచ్చి పెట్టేదాకా భూమిలో భాగం లేదు, పొయ్యి కూడా వేరే అన్నారు. ఆమెకు ఒక ఆడపిల్ల. పుట్టింట్లో తల్లి తప్ప ఎవరూ లేరు.

నా కష్టం వేరే. అప్పటి చట్టం ప్రకారం సరుకుల లారీలో ఊరికే ఎక్కినవాడు చచ్చిపోతే తమకు సంబంధం లేదని బీమా కంపెనీలు తప్పించుకునేవి. తన సరుకుతో, బాడుగ మాట్లాడుకుని ఎక్కినవాడైతేనే మాకు వాదించడానికి చోటుండేది. ఎద్దులు అమ్మేసి ఉంటే లారీలో ఆయనకు సరుకే లేదు. ఒట్టి మనిషి. ఆ పలుపు నిలబడితే కేసు పోతుంది, ఆమె మీద దొంగ అన్న మాటా నిలబడిపోతుంది. లారీ ఓనరు అప్పటికే ఇల్లూ వాకిలీ అమ్ముకుని ఎటో పోయాడు కాబట్టి, బీమా కంపెనీ తప్పుకుంటే ఇచ్చే నాథుడు లేడు.

"అమ్మా, ఆ పలుపు ఎట్లా ఉంటుంది?" అని అడిగాను.

"కిత్తనార పలుపప్పా. మా ఆయప్పే పేనినాడు. మెడ ఒరుసుకోకుండా నా పాత పచ్చ చీర చింపి లోపల కలిపినాడు. రెండిటికీ అట్లే."

రెండు ఉండాలి కదా, ఒకటే ఇచ్చారేమని అడిగాను. తెలియదంది. ఒకటి పోలీసు స్టేషన్లో పోయి ఉంటుందని నేను సరిపెట్టుకున్నాను. అక్కడ పోని వస్తువేముంది గనక.

బీమా కంపెనీ తరఫున వచ్చిన లాయరు నాకంటే పెద్దవాడు. పెద్దతిప్పసముద్రం వైపు రైతు బిడ్డ. మనిషి మంచివాడే. బార్ రూములో నాకు తాంబూలం చుట్టి ఇచ్చేవాడు. కానీ క్రాసుకు లేచాడంటే సాక్షికి ముచ్చెమటలు పట్టాల్సిందే. గట్టిగా అరవడు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తాడు. అదే నాకు భయం.

ఆమె బోనెక్కిన రోజు ఆయన పోలీసుల పంచనామా తీశాడు. మృతుడి నడుముకు చుట్టి ఒక పలుపు ఉంది అని అందులో ఒకే ఒక ముక్క ఉంది. ఆ ముక్క ఆయన కంట పడదేమోనని నేను ఆశపడ్డాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "తల్లీ, మీ ఇంట్లో పశువుల్ని పెంచుతారు కదా?" అని మొదలుపెట్టాడు.

"పెంచుతాం."

"మీ ఆయన నడుముకున్న పలుపు నీకు ఇచ్చారు. దాన్ని ఏం చేశావు?"

నేను లేచి అభ్యంతరం చెప్పాను. జడ్జి గారు కూర్చోమన్నారు.

"కొట్టంలో కట్టినా," అంది.

"ఎప్పుడు కడతారు తల్లీ అట్లా?"

ఆమె నావైపు చూసింది. నేనేం సైగ చేయగలను? వెనక బెంచీలో ఆమె బావ ముందుకు వంగి కూర్చున్నాడు.

"ఎద్దును అమ్మితే కడతాం," అంది.

"అంటే మీ ఆయన ఎద్దుల్ని అమ్మేశాడని నువ్వూ అనుకున్నావు."

"అనుకున్నా సార్. పలుపు వచ్చింది గదా."

ఆయన అంతటితో ఆపాడు. పలుపును కోర్టులో పెట్టమన్నాడు. కొట్టంలోంచి విప్పి వెంట తెచ్చినట్టుంది, ఆమె సంచిలోంచి తీసి ఇచ్చింది. బెంచి క్లర్కు దానికి చీటీ కట్టి బీరువాలో పెట్టాడు. వరండాలోకి వచ్చాక నేను ఆమె మీద విసుక్కున్నాను. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేదిగా అన్నాను. "తెలిసింది తెల్దని యాల చెప్పేది అప్పా," అంది. ఆమె బావ మాత్రం మా వెనకే నిలబడి, "కోర్టులోనే ఒప్పుకునింది, ఇంకేం గావాల," అని పక్కనున్నవాడితో అంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే పుంగనూరు సంతకు పోయాను. ఎద్దులు అమ్ముడుపోయి ఉంటే మధ్యలో దళారి ఉండాలి. వెతగ్గా వెతగ్గా ఆ రోజు ఆ జతకు బేరం నడిపిన పెద్దాయన దొరికాడు. భుజం మీద తువ్వాలు, నోట్లో పొగాకు. మా సంతల్లో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు.

"ఆయప్పా? కుదర్లేదు సార్," అన్నాడు ఆయన తడుముకోకుండా. "వాళ్ళు తక్కువకు అడిగినారు, ఆయప్ప చెయ్యి ఎనక్కి తీసుకున్నాడు. ఎద్దుల్ని మళ్ళా లారీ ఎక్కించుకున్నాడు. నేనే సూసినా."

నా ప్రాణం లేచి వచ్చింది. "ఈ మాట కోర్టులో చెప్తావా?" అన్నాను.

ఆయన ఉమ్మేసి నోరు తుడుచుకున్నాడు. "చెప్పను సార్. తువ్వాలు కిందది తువ్వాలు కిందనే ఉండాల. నేను బయట చెప్తే రేపట్నుంచి నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

బతిమాలాను. సమన్లు పంపిస్తానని బెదిరించాను. పంపితే వస్తాడట, వచ్చి ఏమీ గుర్తులేదంటాడట. అదీ నా మొహం మీదే చెప్పాడు. నేను తిట్టుకుంటూ సంత మధ్యలోంచి నడుస్తుంటే, జత అమ్మేసిన ఒక రైతు ఎదురొచ్చాడు. రెండు పలుపుల్నీ కలిపి ముడేసి భుజాన వేసుకుని పోతున్నాడు. నేను అక్కడే నిలబడిపోయాను. జత అమ్మితే రెండు పలుపులూ ఇంటికి వస్తాయి. ఈయన నడుముకు ఒకటే ఎందుకుంది? రెండోది పోలీసులు పోగొట్టలేదేమో. పంచనామాలోనే ఒకటి అని రాసుంది కదా. అంటే ఆ రెండో పలుపు ఇంకా ఎద్దు మెడలోనే ఉండిపోయిందేమో అనిపించింది. ఆ ఎద్దు ఎక్కడుందో ఎవరూ వెతకలేదు. అమ్ముడుపోయిందనుకున్నాక ఎవరు వెతుకుతారు?

మరుసటి ఆదివారం బైరెడ్డిపల్లె బస్సెక్కి, లారీ పడిన చోట దిగాను. చుట్టూ మెట్ట పొలాలు, అక్కడక్కడా కానుగ చెట్లు. ఎవరిని అడిగినా లారీ పడింది నిజమే అంటారు, అంతకంటే ఒక్క ముక్క చెప్పరు. లాయరని తెలియగానే నోరు మూసేస్తారు. ఎండకు తల తిరిగి ఒక చేను గట్టున కూర్చున్నాను. ఎదురుగా ఒకాయన కాడి విప్పి ఎద్దులకు నీళ్ళు పెడుతున్నాడు. ఒకటి బూడిదరంగు మైల ఎద్దు, ఒకటి తెల్లది. జోడు కుదరలేదు. తెల్లదాని మెడలో పలుపు ఎండకు తెల్లబారింది. ఒకచోట తెగితే కొత్త నార వేసి అతికించి ఉంది. ఆ నార సందుల్లో పచ్చగా ఏదో కనిపించింది.

దగ్గరికి పోయి పట్టుకుని చూశాను. గుడ్డ పేలిక.

ఆయన బొక్కెన కింద పెట్టాడు. నా తెల్లచొక్కా, చేతిలో సంచి చూశాడు. "వస్తారని తెలుసు సార్," అన్నాడు. "ఇన్నాళ్ళకు వచ్చినారు."

గట్టు మీద కూర్చుని ఆయన చెప్పింది ఇది. ఆ తెల్లవారుజామున చప్పుడు విని మొదట పోయింది ఆయనే. కుప్పం మనిషి లారీ కింద సగం ఇరుక్కుని ఉన్నాడు. పక్కనే ఆయన ఎద్దొకటి చచ్చి పడి ఉంది. రెండోది ఎటో పోయింది. ఆ మనిషి నీళ్ళు అడగలేదట. ‘ఎద్దులు?’ అని అడిగాడట. ‘ఉండాయిలేప్పా’ అని ఈయన అబద్ధం చెప్పాడు. కాసేపటికి ప్రాణం పోయింది.

"చచ్చిన ఎద్దును తోలు వలిచేవాళ్ళు ఎత్తుకుపోతారు. పలుపు వాళ్ళ చేతికి పోతే ఎట్లా సార్? పలుపు ఆయప్ప ఇంటికి పోవాల గదా. అందుకని నేనే విప్పి ఆయప్ప నడుముకు సుట్టినా."

రెండేళ్ళుగా ఒక ఆడమనిషిని దొంగను చేసిన ముడి ఈయన చేత్తో వేసిందే. అదీ మర్యాద కోసం. తిట్టాలో, దండం పెట్టాలో తెలియలేదు.

"ఈ ఎద్దు?"

"పొద్దు గూకినాక కుంటుకుంటా వచ్చి మా దొడ్డి కాడ నిలబడింది. మెడలో అదే పచ్చగుడ్డ పలుపు. ఎవరైనా వస్తారని సూసినా. ఏ ఊరో తెల్దు. పోలీసోళ్ళను అడుగుదామంటే, ఎద్దును దొంగిలించినావు అంటారని మా ఇంటిది అడ్డం పడింది. అట్లా అట్లా దినాలు పోయినాయి. నా ఎద్దొకటి రోగమొచ్చి సచ్చింది. దీన్ని కాడి కట్టినా." ఆయన నావైపు చూడకుండా అన్నాడు. "నేను దొంగనా సార్?"

"కోర్టుకు వచ్చి ఇదే చెప్పు," అన్నాను.

"చెప్తే ఎద్దు పోతాది. సేద్యం పోతాది. పోలీసోళ్ళు యాడికి తీసకపోతారో."

నేను ఆ ఆడమనిషి సంగతంతా చెప్పాను. కొట్టంలో కట్టిన పలుపు, దుడ్డు పెట్టమంటున్న బావ, వేరే పొయ్యి, అంతా. చివరికి, "ఆలోచన చేస్తా సార్," అని లేచి కాడి ఎత్తుకున్నాడు. వస్తాననలేదు, రాననలేదు. పోలీసుల చేత పట్టించి తెప్పించవచ్చు. కానీ అలా తెచ్చిన సాక్షి బోనులో బిగుసుకుపోతాడని నాకు అనుభవమే. పైగా ఆ రాత్రే ఎద్దును ఏ సంతకో తోలేస్తే, ఉన్న ఒక్క రుజువూ పోతుంది.

వాయిదా దాకా నాకు తిండి సయించలేదు. ఆ దారిన వచ్చే బస్సు కండక్టరు చేత రెండు సార్లు కబురు పంపాను. జవాబు లేదు. ఆమెకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఆశపెట్టి, ఆ మనిషి రాకపోతే ఆమె మొహం నేను చూడలేను.

వాయిదా రోజు పొద్దున మా కేసు పిలిచారు. సాక్షి వస్తున్నాడని చెప్పాను. జడ్జి గారు కొంతసేపు పక్కన పెట్టారు. మళ్ళీ పిలిచారు. బంట్రోతు వరండాలోకి పోయి సాక్షి పేరు కేకేశాడు. ఎవరూ పలకలేదు. కంపెనీ లాయరు లేచి, "సాక్ష్యం ముగించమని మనవి," అన్నాడు. జడ్జి గారు గడియారం చూసి, భోజనాల తర్వాత ఆఖరి అవకాశం ఇస్తానన్నారు. నేను రోడ్డు మీదికి పోయి నిలబడ్డాను. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగి చూశాను. ఏ బస్సులోనూ లేడు. ఆమె బావ బీడీ కాలుస్తూ నన్నే చూస్తున్నాడు. మా బాధ నీకెందుకయ్యా అన్నట్టుంది ఆయన చూపు.

భోజనాలయ్యాయి. జడ్జి గారు వచ్చి కూర్చున్నారు. నేను లేచి, చెప్పడానికి ఏమీ లేక, కాగితాలు తిరగేస్తున్నాను. అప్పుడు బయట ఎవరో, "ఏయ్, ఎద్దును లోపలికి తోలకూడదు," అని అరిచారు.

ఆయన బస్సులో రాలేదు. ఎద్దును తోలుకుని నడిచి వచ్చాడు. ముందు రోజు చీకటితో బయల్దేరి, పుంగనూరులో పడుకుని వచ్చాడట. కాళ్ళకు దుమ్ము, చొక్కా చెమటకు అట్ట కట్టింది. ఎద్దును కోర్టు ఆవరణలో వేపచెట్టుకు కట్టేసి, లోపలికి వచ్చి, బోను ఎక్కడుందో తెలియక గుమాస్తా బల్ల దగ్గర నిలబడ్డాడు.

నాకు చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. నీళ్ళడగని మనిషి సంగతి వచ్చినప్పుడు, ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడి చివరి మాట ఆమె వినడం అదే మొదటిసారి. ముందే చెప్పి ఉంటే బాగుండుననిపించింది. కానీ అప్పుడు ఆపడానికి లేదు.

కంపెనీ లాయరు క్రాసుకు లేచాడు. ఈసారి పలకరింపులు లేవు.

"ఇంకొకరి ఎద్దును దాచిపెట్టి రెండేళ్ళు దున్నుకున్నావు."

"దున్నుకున్నా సార్."

"పోలీసులకు చెప్పలేదు."

"లేదు సార్. భయం."

"మరి ఇప్పుడు నీ మాట ఎట్లా నమ్మాలి? ఎద్దును నీ దగ్గరే ఉంచుకోమని వీళ్ళు నీతో మాట్లాడుకోలేదా?"

నేను లేవబోయాను. ఆయనే జవాబు చెప్పాడు. "నా మాట నమ్మొద్దు సార్. పలుపు సూడండి."

"ఏం పలుపు? రెండేళ్ళు నీ దొడ్లో ఉన్న ఎద్దుకు నీ పలుపే కదా ఉంటుంది?"

"నా పలుపు యాల ఉంటాది సార్?" అన్నాడు ఆయన. నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "నేను కొన్నానా?"

కంపెనీ లాయరు ఇంకో ప్రశ్నకు నోరు తెరిచి, మూసుకున్నాడు. ఆయనా రైతు బిడ్డే. కొనని ఎద్దుకు కొత్త పలుపు కట్టరని ఆయనకు నేను చెప్పాలా? తెగినచోటల్లా అతుకులు వేసుకున్నాడు గానీ, ఆ మనిషి రెండేళ్ళలో పలుపు మాత్రం మార్చలేదు. దున్నుకుంటూ కూడా అది తనదని అనుకోలేదు.

జడ్జి గారు చూస్తానన్నారు. బీరువాలోని పలుపు తెప్పించుకుని వేపచెట్టు దగ్గరికి వచ్చారు. కోర్టంతా వెంట వచ్చింది. రెండు పలుపుల్నీ పక్కపక్కన పెట్టి పురి విప్పి చూశారు. రెండింటిలోనూ అదే పచ్చ గుడ్డ. సంతలో అమ్మిన ఎద్దయితే కొన్నవాడి పలుపు మెడలో ఉండాలి, ఇది ఆ ఇంటి పలుపే. కంపెనీ లాయరు కూడా వంగి చూశాడు. "ఇంక ప్రశ్నలు లేవు," అని జడ్జి గారితో నెమ్మదిగా అన్నాడు. తీర్పు వచ్చేదాకా ఎద్దును ఆ మనిషి దగ్గరే ఉంచమని ఉత్తర్వు రాశారు. తనను పట్టుకుపోవడానికి పోలీసులు వస్తారేమోనని ఆయన సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. నేను వెళ్ళి ఇంటికి పొమ్మన్నాక లేచాడు.

తీర్పు రోజు మళ్ళీ ఎద్దును తోలుకుని వచ్చాడు. కంపెనీయే నష్టపరిహారం కట్టాలని తీర్పు. అప్పీలుకు పోతారని నాకు తెలుసు, పోయారు కూడా. ఆ దుడ్డు ఆమె చేతికి అందేసరికి నాకు జుట్టు నెరిసింది. కానీ ఆ రోజు ఎంత వస్తుందని ఆమె అడగలేదు.

"ఎద్దుల్ని అమ్మలేదని రాసినారా అప్పా?" అని అడిగింది.

"రాశారమ్మా."

"యాడ రాసినారు? ఆ మాట సదువు."

వరండాలో నిలబడి ఇంగ్లీషు తీర్పులో ఆ వాక్యం వెతికి, తెలుగులో చెప్పాను. మృతుడు తన ఎద్దులను అమ్మలేదు, వాటితోనే ఇంటికి తిరిగి వస్తున్నాడు. ఆమె వింది.

"ఇంగొక తూరి సదువప్పా," అంది. "గట్టిగా. మా బావకు ఇనబడాల."

ఆయన స్తంభం పక్కనే, రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాడు. నేను గొంతు పెంచి చదివాను. వరండాలో జనం తిరిగి చూశారు. ఆయన తల దించుకుని, "ఇన్నాలేమ్మా," అన్నాడు. ఎద్దు పలుపు అందుకోవడానికి చెయ్యి చాపాడు. బైరెడ్డిపల్లె మనిషి పలుపు ఆయన చేతికివ్వలేదు. చుట్టూ నడిచి వచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

కోర్టు వాపసిచ్చిన పలుపును ఆమె భుజాన వేసుకుంది. రెండోది చేత్తో పట్టుకుంది. బస్సు డబ్బులిస్తాను, ఎద్దును ఎవరి చేతనైనా తోలిద్దామని నేనన్నాను. "వద్దప్పా," అంది. "నడిచే పోతా. మా ఊర్లో ప్రతి ఇంటి ముందర నుంచీ తోలుకుపోవాల." పుంగనూరు రోడ్డు మీద ఆమె, ఆ మనిషి ఎద్దుకు చెరోవైపు నడిచారు. బావ వెనక నడిచాడు.